ఎండుమిర్చి కంటైనర్: గుంటూరు నుంచి రోటర్‌డ్యామ్ దాకా

నలభై అడుగుల హైక్యూబ్ (మామూలు దానికంటే ఎత్తు ఎక్కువున్న) కంటైనర్‌లో ఎండుమిర్చి దాదాపు 14 టన్నులు పడుతుంది. కాయలో తేమ 12 శాతం ఉంటే ఆ 14 టన్నుల్లో 1,680 కిలోలు నీళ్లే. 10 శాతానికి ఆరిన సరుకైతే 1,400 కిలోలు. తేడా 280 కిలోలు, అంటే ఇరవై లీటర్ల డబ్బాలు పద్నాలుగు. యూరప్‌కు మిర్చి పంపాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి. సముద్రపు నీళ్లు లోపలికి వచ్చి తడిసిన కంటైనర్లు మేం చూసినవి చాలా తక్కువ. బూజు పట్టి, ముద్దకట్టి, నల్లబడి దిగిన కంటైనర్లలో నీళ్లు గుంటూరులోనే ఎక్కాయి, కాయతోపాటే.

మేం పంపేది గుంటూరు కాయ. ఘాటు కావాలనేవాళ్లకు తేజ, మామూలు పొడి కొట్టే మిల్లులకు 334, సన్నం రకాలు. ఎక్కువ సరుకు చెన్నై రేవులో ఓడ ఎక్కి రోటర్‌డ్యామ్‌లోనో హాంబర్గ్‌లోనో దిగుతుంది. కొనుగోలుదారుతో ఒప్పందం దగ్గర్నుంచి అక్కడి గోదాములో తలుపు తెరిచేదాకా ఏం చేస్తామో, ఎక్కడ తేడా వస్తుందో రాస్తున్నాం.

ఒప్పందంలో ధర గురించి గంటలు మాట్లాడుకుని స్పెసిఫికేషన్ కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టేవాళ్లున్నారు. ఆ కాగితమే అసలు బేరం. ఘాటు స్కోవిల్ యూనిట్లలో, రంగు ఆస్టా విలువలో, తేమ, తాలు, విరిగిన కాయ, విడి గింజ శాతాల్లో రాస్తారు. ఇవి వ్యాపారి బేరాలు, కొంచెం అటూఇటూ అయితే ధర తగ్గించుకుని సర్దుకోవచ్చు. ఆ కింద ఉండేవి చట్టం పెట్టిన హద్దులు, వాటి దగ్గర సర్దుబాటు ఉండదు. యూరప్ యూనియన్ 2023/915 నిబంధన ప్రకారం ఎండుమిర్చిలో బూజు నుంచి పుట్టే విషాలకు హద్దులున్నాయి: అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అఫ్లాటాక్సిన్లు అన్నీ కలిపి 10, ఓక్రాటాక్సిన్ ఏ 20 దాటకూడదు. కిలోకు 5 మైక్రోగ్రాములంటే 14 టన్నుల కంటైనర్ మొత్తానికి 70 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో నాలుగో వంతు. ఆ కాస్త విషం కంటైనర్‌లో ఒక మూల నాలుగు బస్తాల్లో ఉన్నా, పరీక్ష చేసేవాడి చేయి ఆ బస్తాల మీద పడితే అంతే.

పురుగుమందుల సంగతి పొలం దగ్గరే తేలాలి. క్లోర్‌పైరిఫాస్‌కు యూరప్‌లో 2020 నవంబరు 13 నుంచి కిలోకు 0.01 మిల్లీగ్రాము హద్దు. పరీక్షలో పట్టుకోగలిగిన కనీసం అదే, అంటే వాడనే కూడదని అర్థం. పచ్చిమిర్చికి పెట్టిన హద్దును ఎండుమిర్చికి అన్వయించేటప్పుడు ఎండబెట్టడంలో బరువు తగ్గినందుకు ఒక గుణకంతో హెచ్చిస్తారు. ఆ గుణకం ఎంత అన్నది కొనుగోలుదారు ల్యాబ్‌తో ముందే రాతలో ఒప్పుకోవాలి. లేకపోతే ఇక్కడ పాసైన రిపోర్టు అక్కడ ఫెయిలవుతుంది, ఇద్దరి అంకెలూ సరైనవే అయినా సరే. మార్కెట్ యార్డులో మచ్చు చూసి నలభై మంది రైతుల టిక్కీలు (బస్తాలు) కలిపి కొన్న కాయతో ఈ పరీక్ష గట్టెక్కడం కష్టం. ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసి ఉంచే రైతుల దగ్గర, ఊరి వారీగా విడివిడి లాట్లుగా కొనాల్సిందే. క్వింటాల్‌కు కొంత ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. ఒక్క కంటైనర్ తిరిగొస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తం.

ఇథిలీన్ ఆక్సైడ్ ఇంకోటి. సూక్ష్మజీవుల్ని చంపడానికి మసాలాలకు ఈ వాయువు పట్టించే యూనిట్లు మన దగ్గర ఉన్నాయి, కొన్ని దేశాలు ఒప్పుకుంటాయి కూడా. యూరప్ ఒప్పుకోదు. 2020 సెప్టెంబరులో మన దేశం నుంచి వెళ్లిన నువ్వుల్లో అది బయటపడ్డ దగ్గర్నుంచి మసాలాలన్నిటి మీదా నిఘా పెరిగింది. మసాలాలకు హద్దు కిలోకు 0.1 మిల్లీగ్రాము. దాని నుంచి ఏర్పడే 2-క్లోరోఇథనాల్‌ను కూడా కలిపి లెక్కేస్తారు కాబట్టి వాయువు ఎగిరిపోయినా ఆనవాలు దొరుకుతుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉన్న సరుకుకు ఆవిరి పట్టించడమే మార్గం. ఆవిరి పట్టించాక మళ్లీ ఆరబెట్టారా, తేమ ఎంతకు వచ్చిందన్నది ఆ యూనిట్ నుంచి రాతలో తీసుకోవాలి.

ఇక కాయ దగ్గరికి వద్దాం. కోతప్పుడు పండు కాయలో మూడొంతుల దాకా నీరే ఉంటుంది. దాన్ని పదో పదకొండో శాతానికి దించడం కల్లంలో జరిగే పని. నేల మీద ఆరబోసిన కాయకు మట్టి తేమ కింద నుంచి ఎక్కుతూనే ఉంటుంది. పట్టా మీద పల్చగా పోసి, రోజూ తిరగేసి, సాయంత్రం కుప్పచేసి కప్పి, పొద్దున మంచు ఆరాక మళ్లీ పరిచిన కాయకూ, నేల కల్లంలో వదిలేసిన కాయకూ తేడా తొడిమ దగ్గర కనిపిస్తుంది. తొక్క ముందే గలగలలాడుతుంది, తొడిమ మొదలు మాత్రం చివరిదాకా పచ్చిగానే ఉంటుంది. పుల్ల గుచ్చి చూపే తేమ మీటరు ఇక్కడే మోసం చేస్తుంది. కాయ లోపల బోలు, మీటరు పుల్ల గాలిని కొలుస్తుంది. మేం మీటరును లాట్ల మధ్య తేడా తెలుసుకోవడానికే వాడతాం. ఒప్పందంలో రాసే తేమకు టోలుయీన్‌తో స్వేదనం చేసే ల్యాబ్ పద్ధతే ప్రమాణం.

చేత్తో చేసే పరీక్ష ఒకటుంది, దాన్ని ఎప్పుడూ వదలం. ప్రతి లాటు నుంచి వంద కాయలు తీసి నిలువునా చీల్చడం. పైకి నిగనిగలాడే కాయలో కూడా గింజలు నరానికి అంటుకుని, బూడిదరంగు నూగు పట్టి ఉండొచ్చు. ఆరేటప్పుడు వాన పడిన కాయకు అలా అవుతుంది. బయటి నుంచి ఎంత అనుభవం ఉన్నవాళ్లూ పట్టుకోలేరు. వందలో రెండు మూడు కాయలు అలా కనిపిస్తే ఆ లాటును యూరప్ లెక్కలోంచి తీసేస్తాం.

సరుకు ఏసీ కాయ అయితే, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టిందైతే, ఇంకో ఉచ్చు ఉంది. అయిదారు డిగ్రీల చలిలోంచి తీసిన బస్తాను మే నెల ఎండలో నిలబెడితే పది నిమిషాల్లో గోనె మీద చెమట పడుతుంది. ఆ సమయంలో బస్తా విప్పితే ఆ చెమట కాయ మీదే పడుతుంది. విప్పకుండా, నీడలో, వరసల మధ్య జానెడు సందు వదిలి, ఫ్యాన్లు పెట్టి ఒక రోజు ఉంచాలి. లోపలి కాయ బయటి వేడికి వచ్చాకే గ్రేడింగ్ మొదలుపెట్టాలి. కొనుగోలుదారు తొందర పెడుతున్నాడని పొద్దున తీసి మధ్యాహ్నం లోడు చేసిన సరుకు ఎలా దిగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నీళ్లు చల్లడం గురించి దాచకుండా రాయాలి, ఎందుకంటే అది మన దగ్గర మామూలు పని అయిపోయింది. బాగా ఎండిన కాయ పెళుసు. తొక్కితే విరుగుతుంది, గింజ రాలుతుంది, బస్తాలో తక్కువ పడుతుంది. ప్యాకింగ్ షెడ్డులో ముఠా మేస్త్రి వచ్చి అడుగుతాడు: "సార్, కాసిని నీళ్లు చల్లితే కాయ మెత్తబడుద్ది. బస్తా కూడా నిండుద్ది." అతని లెక్కలో అది తప్పు కాదు, ఊళ్లోకి పోయే సరుకుకు ఎప్పుడూ చేసేదే. ఆ స్ప్రేయర్ ఒక్కసారి తిరిగితే 10 శాతం కాయ 13 దాకా వెళ్తుంది. ఆ నీరు సమంగా పంచుకోదు. నాలుగు బస్తాల్లో ఎక్కువ, పది బస్తాల్లో తక్కువ. ఎక్కువైన చోటే అఫ్లాటాక్సిన్ పుట్టే బూజు మొదలవుతుంది. యూరప్ లోడు కట్టే రోజున షెడ్డులోంచి స్ప్రేయర్లు, బకెట్లు బయట పెట్టించి, విరిగే కాయను ఒప్పందంలోనే అయిదు శాతమో ఏడు శాతమో లెక్కగా రాసుకోవడం మా పద్ధతి. పొడి కొట్టే మిల్లుకు విరిగిన కాయతో నష్టం లేదు, ముందే చెబితే ఒప్పుకుంటారు.

మచ్చు తీయడం మీద ఎంత శ్రద్ధ పెడితే అంత మంచిది. విషం సరుకంతా సమంగా ఉండదు కాబట్టి పైన ఉన్న నాలుగు బస్తాల్లోంచి గుప్పెడు తీసి ల్యాబ్‌కు పంపితే వచ్చే రిపోర్టు ఆ నాలుగు బస్తాలకే. 25 కిలోల బస్తాలు 560 అయితే ప్రతి అయిదో బస్తాలోంచి 150 నుంచి 200 గ్రాములు తీస్తాం. దాదాపు ఇరవై కిలోలవుతుంది. దాన్నంతా పొడి కొట్టి, కలిపి, మూడు భాగాలు చేస్తాం: ల్యాబ్‌కు ఒకటి, కొనుగోలుదారుకు ఒకటి, సీలు వేసి మా దగ్గర ఒకటి. ఇరవై కిలోల సరుకు పోయిందని బాధపడకూడదు. ఇది కాక స్పైసెస్ బోర్డు తప్పనిసరి పరీక్షలున్నాయి. మిర్చిలో సుడాన్ రంగులు (తిండిలో కలపకూడని ఎర్రటి రసాయన రంగులు), అఫ్లాటాక్సిన్ చూస్తారు. 2003లో యూరప్‌లో మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ 1 బయటపడ్డాక మొదలైన కట్టుదిట్టం ఇది. గుంటూరులోనే బోర్డు ల్యాబ్ ఉండటం మనకు పెద్ద సౌకర్యం. సీజన్‌లో అక్కడ వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఓడ కటాఫ్ తేదీకి కనీసం రెండు వారాల ముందు సరుకు సిద్ధం కావాలి.

సంచి ఎంపిక చిన్న విషయంగా కనిపిస్తుంది. గోనె గాలి ఆడనిస్తుంది, మిర్చికి మంచిదే. కానీ జనపనార మెత్తబడటానికి మిల్లులో వాడే నూనె పెట్రోలియం నూనె అయితే దాని ఆనవాళ్లు కాయలోకి వస్తాయి, యూరప్ కొనుగోలుదార్లు దాన్నీ పరీక్షిస్తారు. కూరగాయ నూనెతో చేసిన గోనె అడగాలి. అంతర్జాతీయ జనపనార సంస్థ (ఐజేఓ) 98/01 ప్రమాణం ప్రకారం కిలో జనపనారలో సపోనిఫై కాని పదార్థం, అంటే పెట్రోలియం నూనెలా సబ్బుగా మారనిది, 1,250 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ సర్టిఫికెట్ లేని గోనె ఎంత చవకైనా తీసుకోం. వాడిన గోనెల మాట అసలు వద్దు. ప్లాస్టిక్ నేత సంచులైతే లోపల పొర లేనివి వాడాలి, పొర ఉంటే తేమ లోపలే చిక్కుతుంది.

కంటైనర్ బుక్ చేసేటప్పుడు కిరాయి కిలోల లెక్కన ఉండదు, పెట్టె లెక్కన ఉంటుంది. మిర్చి తేలిక సరుకు. ఇరవై అడుగుల పెట్టెలో ఏడు టన్నుల దగ్గర నిండిపోతుంది, బరువు హద్దు ఎంతో మిగిలే ఉంటుంది. అందుకే హైక్యూబ్. ప్రెస్ కట్టిన బేళ్లు ఇంకాస్త ఎక్కువ పడతాయి కానీ కాయ నలుగుతుంది, గింజ రాలుతుంది, మిల్లుకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు.

ఖాళీ పెట్టె చెన్నై యార్డులోంచి దాదాపు 400 కిలోమీటర్లు ట్రైలర్ మీద గుంటూరు వస్తుంది. ఇక్కడికి వచ్చాక బాగాలేదని తిప్పి పంపితే రానూపోనూ కిరాయి మనదే, ఓడ కూడా తప్పిపోతుంది. కాబట్టి మనిషిని చెన్నై యార్డుకే పంపి అక్కడే చూడాలి. లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని అయిదు నిమిషాలు చీకట్లో నిలబడాలి. కప్పులో, మూలల్లో సూదిమొనంత వెలుతురు కనిపించినా ఆ పెట్టె వద్దు. ఆ అయిదు నిమిషాల్లోనే ముక్కుతో కూడా చూడాలి. రసాయనం, చేప, కాఫీ వాసన ఏదున్నా మిర్చి పీల్చుకుంటుంది. తలుపు రబ్బరు చుట్టూ వేలు పెట్టి తిప్పి చిరుగులు చూడాలి. చివరికి నేల.

ఈ నేల దగ్గర కాస్త ఆగుదాం, చాలామంది చూడనిది ఇదే. కంటైనర్ నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. నలభై అడుగుల పెట్టెలో ఆ చెక్కే అయిదారు వందల కిలోల బరువుంటుంది. యార్డులో పెట్టెను నీళ్లతో కడిగి, పైపైన ఆరగానే ఇచ్చేస్తారు. చూపుకు పొడిగానే ఉంటుంది, చెక్క లోపల 25 శాతం తేమ ఉంటుంది. 15 శాతం ఉండాల్సిన చోట 25 ఉంటే దాదాపు యాభై కిలోల నీళ్లు అదనం. ఇది కాయ తేమ కాదు, మన పరీక్షల్లో ఎక్కడా పడదు. చెక్కకు వాడే తేమ మీటరు ఒకటి కొని మనిషి చేతికిచ్చి, అయిదారు చోట్ల గుచ్చి చూడమని చెప్పాలి. 18 దాటితే వేరే పెట్టె అడగాలి. యార్డువాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

పురుగు మందు పొగ మేం కంటైనర్‌లో పెట్టం. అల్యూమినియం ఫాస్ఫైడ్ మూడు గ్రాముల మాత్ర ఒక్కోటి ఒక గ్రాము ఫాస్ఫీన్ వదులుతుంది. పని పూర్తవడానికి రోజులు పడుతుంది. గోదాములో పట్టా కింద ఏడు రోజులు ఉంచి, విప్పి, గాలి ఆడనిచ్చి, మాత్రల బూడిద సంచులు లెక్కపెట్టి బయటికి తీశాకే లోడింగ్. మాత్రలు లోపల వదిలి తలుపేసి పంపితే అది చట్టం దృష్టిలో విషవాయువున్న పెట్టె. యూఎన్ 3359 గుర్తు అంటించాలి, ఓడకు ముందే చెప్పాలి. చెప్పకుండా పంపితే రోటర్‌డ్యామ్‌లో తలుపు తెరిచే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ పెట్టె తెరిచేముందు గ్యాస్ కొలుస్తారు, దొరికితే గాలి ఆడించే ఖర్చు మనకే వేస్తారు. చెక్క ప్యాలెట్లు వాడితే వాటి మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు చెప్పే గుర్తు, ఉండాలి. లేకపోతే సరుకు ఎంత బాగున్నా ప్యాలెట్ కోసం ఆగిపోతుంది.

లోడింగ్ రోజున తెల్లవారుజామున మొదలుపెట్టకూడదు, గాలిలో తేమ అప్పుడే ఎక్కువ. పదింటి తర్వాత మొదలుపెడితే పది పన్నెండు మంది ముఠా మూడు నాలుగు గంటల్లో 560 బస్తాలు సర్దేస్తుంది. వాన మొదలైతే తలుపు మూసి ఆగాలి. ముందుగా గోడలకు, నేలకు మందపాటి క్రాఫ్ట్ కాగితం పరిచి టేపు వేస్తాం. బస్తాలు గోడ ఇనుముకు నేరుగా తగలకూడదు. కప్పుకు, పై వరసకు మధ్య కనీసం జానెడున్నర వదిలి, పై వరస మీద తేమ పీల్చే వస్త్రం లాంటి షీటు కప్పుతాం. గోడల గాడుల్లో కాల్షియం క్లోరైడ్ సంచులు రెండు కిలోలవి పది వేలాడదీస్తాం. ఒక్కోటి తన బరువంత, పరిస్థితిని బట్టి రెండింతల దాకా నీరు పీలుస్తుంది. మొత్తం ఇరవై నుంచి నలభై కిలోలు. మొదట చెప్పిన 280 కిలోల పక్కన ఈ నలభై పెట్టి చూస్తే అర్థమవుతుంది, సంచులు వేలాడదీశాం కదా అని తడి కాయ ఎక్కించే వీలు లేదు. గాలిలో మిగిలిన తేమకే అవి.

లోపల జరిగేది ఇది. గుంటూరులో తలుపేసినప్పుడు పెట్టె గాలి 30 డిగ్రీలు, తేమ 70 శాతం అనుకుందాం. ఆ గాలి 24 డిగ్రీల ఇనుముకు తగిలితే చాలు, చెమట పడుతుంది. పగలు ఎండకు కప్పు కాలుతుంది, కాయ నుంచి ఆవిరి లేస్తుంది. రాత్రి కప్పు చల్లబడుతుంది, ఆవిరి చుక్కలై బస్తాల మీద రాలుతుంది. మర్నాడు మళ్లీ. ఓడ ఉత్తరానికి వెళ్లేకొద్దీ చలి పెరిగి చుక్కలు ఎక్కువవుతాయి. పై వరస మధ్యలో, తలుపు దగ్గర బస్తాల మీద గుండ్రటి మచ్చలు కనబడేది అందుకే.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఈ కథ మారింది. చాలా ఓడ కంపెనీలు సూయజ్ వదిలి ఆఫ్రికా దక్షిణపు కొస, గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిప్పాయి. దాదాపు నాలుగు వారాల ప్రయాణం ఆరు వారాల దగ్గరికి వచ్చింది. రోజులు పెరగడం ఒకటే కాదు. ఆ దారిలో ఓడ భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది: వేడి, దక్షిణాన చలి, మళ్లీ వేడి, చివరికి యూరప్ చలి. సూయజ్ దారిలో వేడి నుంచి చలికి ఒక్కసారి దిగే సరుకు, ఈ దారిలో రెండుసార్లు చెమటలో మునుగుతుంది. 11.5 శాతం తేమతో సూయజ్ మీదుగా బాగానే దిగిన కాయ ఈ దారిలో నిలబడదు. అందుకే మేం ఇప్పుడు లోడింగ్ హద్దు 10.5 పెట్టుకున్నాం. బుకింగ్ రోజున ఓడ ఏ దారిలో వెళ్తుంది, కొలంబోలోనో ఇంకెక్కడో పెట్టె మారితే అక్కడ ఎన్ని రోజులు ఎండలో నిలుస్తుంది, అడిగి రాసుకుంటాం. డెక్ కింద పెట్టమని బుకింగ్‌లో కోరతాం. కంపెనీ మాట ఇవ్వదు, అడగడంలో పోయేదేం లేదు.

తలుపేశాక కాగితాల పని. బరువు ధ్రువీకరణ, అంటే వీజీఎం, 2016 జులై 1 నుంచి తప్పనిసరి. అది లేకుండా ఓడ ఎక్కించరు. సరుకు, సంచులు, ప్యాలెట్లు, కాగితం, పెట్టె ఖాళీ బరువు అన్నీ కలపాలి. షిప్పింగ్ బిల్లు, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఆరిజిన్ ప్రకటన మామూలే, క్లియరింగ్ ఏజెంట్ చూసుకుంటాడు. యూరప్ వైపు కస్టమ్స్‌కు ఓడ కంపెనీ పంపే ముందస్తు ప్రకటనకు వివరాలు ఇవ్వడం మాత్రం మన చేతిలో ఉంది. సరుకు ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అది వెళ్లాలి. అందులో సరుకు రకాన్ని చెప్పే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్, కొనుగోలుదారు ఈఓఆర్‌ఐ నంబరు (యూరప్ కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), సరుకు పేరు విడమరిచి ఉండాలి. "మసాలాలు" అని రాస్తే కుదరదు. "ఎండుమిర్చి, మొత్తం కాయ, 0904 21" అని రాయాలి. పొడి అయితే 0904 22.

ఏ దేశం నుంచి ఏ సరుకు మీద ఎంత శాతం తనిఖీ అన్నది యూరప్ 2019/1793 నిబంధనలో జాబితాగా ఉంటుంది. ఆరు నెలలకోసారి సమీక్షిస్తారు. ఒప్పందం నాడు ఒకటి, ఓడ దిగేనాటికి ఇంకోటి ఉండొచ్చు. అందుకని రెండు తేదీలకూ చూసుకోవాలి. మన సరుకు కఠినమైన రెండో అనుబంధంలో ఉంటే ప్రభుత్వ ఆరోగ్య ధ్రువపత్రం, పరీక్ష ఫలితం కావాలి. అది సరుకు ఇక్కడి అధికారుల చేతిలోంచి వెళ్లకముందే తీసుకోవాలి, ఓడ బయల్దేరాక తెస్తామంటే కుదరదు. ధ్రువపత్రంలో ఉన్న గుర్తింపు కోడ్ ప్రతి బస్తా మీదా ముద్రించి ఉండాలి. 560 బస్తాల్లో పది మీద లేకపోయినా ప్రశ్న లేస్తుంది. ముద్ర వేసే సిరా తడిస్తే చెరిగేది వాడకండి.

బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, చిత్తుప్రతి వచ్చినప్పుడు ఇద్దరు మనుషులు కలిసి చదవాలి. ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు ప్యాకింగ్ లిస్టులో చూసుకోవాలి. కంటైనర్ నంబరు నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె తనిఖీ అంకె, కాబట్టి ఒక్క అంకె తారుమారైనా వెబ్‌సైట్లలో సరిచూస్తే తెలిసిపోతుంది. సీలు నంబరు, నికర బరువు, బస్తాల సంఖ్య ఆరోగ్య ధ్రువపత్రంలోనూ బిల్లులోనూ ఒకటే ఉండాలి. ఎల్‌సీ (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం) మీద డబ్బు రావాలంటే, అందులో వేరే గడువు రాసి లేకపోతే, ఓడ ఎక్కిన 21 రోజుల్లోపు బ్యాంకులో కాగితాలు పెట్టాలి. కామా తేడాకు కూడా బ్యాంకు డిస్క్రిపెన్సీ, అంటే కాగితాల్లో తేడా ఉందని, రాస్తుంది.

బీమా మీద ఒక మాట వివరంగా. సీఐఎఫ్ ధరకు, అంటే సరుకు, బీమా, ఓడ కిరాయి కలిపిన ధరకు అమ్మినప్పుడు, అంతర్జాతీయ వ్యాపార షరతులైన ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం అమ్మేవాడు తీయాల్సిన కనీస బీమా క్లాజ్ సీ. ఓడ మునిగితే, తగలబడితే వస్తుంది, చెమట నష్టం రాదు. మిర్చికి దాంతో ఏం లాభం? క్లాజ్ ఏ తీయాలి, సీఐఎఫ్ విలువకు 110 శాతం. అయినా సరే, సరుకు స్వభావం వల్ల జరిగిన నష్టం, ప్యాకింగ్ లోపం, ఆలస్యం వల్ల జరిగిన నష్టం క్లాజ్ ఏలో కూడా మినహాయింపే. సర్వేయర్ మొదట అడిగేది లోడింగ్ నాటి తేమ ఎంత అని. 12.5 అని కాగితం మీద ఉంటే, నీళ్లు మీ కాయలోంచే వచ్చాయి అంటాడు. క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి లోడింగ్ రోజు ల్యాబ్ తేమ రిపోర్టు, నేల మీటరు అంకెల ఫొటోలు, కాగితం పరిచిన ఫొటో, సగం లోడు ఫొటో, నిండిన ఫొటో, సీలు ఫొటో, అన్నీ తేదీ సమయంతో ఒక ఫోల్డరులో ఉంచుతాం.

అటువైపు కొనుగోలుదారు ఏజెంటు ట్రేసెస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఓడ చేరడానికి కనీసం ఒక పనిదినం ముందు సమాచారం పెట్టాలి. తనిఖీకి పడితే నమూనా తీసి ఫలితం వచ్చేదాకా పెట్టె అక్కడే నిలుస్తుంది. ఆ రోజులన్నిటికీ రేవు అద్దె, కంటైనర్ అద్దె రెండూ నడుస్తాయి. ఉచిత రోజులు అయిదా, పద్నాలుగా అన్నది బుకింగ్ అప్పుడే బేరమాడి రాయించుకోవాలి, దిగాక అడిగితే ఎవరూ ఇవ్వరు. ఫలితం హద్దు దాటితే సరిహద్దు తిరస్కరణగా యూరప్ హెచ్చరిక వ్యవస్థలో నమోదవుతుంది. సరుకు తిప్పి పంపడం, తగలబెట్టడం, లేదా అధికారులు ఒప్పుకుంటే వేరే శుద్ధి, ఇవే దారులు. తర్వాతి లోడ్ల మీద ఆ కొనుగోలుదారు పరీక్షలు రెట్టింపు చేస్తాడు.

చలికాలంలో దిగే సరుకుకు ఇంకో సూచన ఇస్తాం. ఓడలో కంటే దిగాక యార్డులో నిలబడ్డ రోజుల్లోనే చెమట ఎక్కువ పడుతుంది. రాత్రి సున్నా డిగ్రీలు, పగలు కాస్త ఎండ. కాబట్టి దిగిన రెండు మూడు రోజుల్లో గోదాముకు తీసుకెళ్లి ఖాళీ చేయమని కొనుగోలుదారుకు ముందే రాస్తాం. తలుపు తెరిచిన వెంటనే ఏం తీయకుండా, పై వరస, తలుపు దగ్గర బస్తాలు, క్లోరైడ్ సంచుల్లో చేరిన నీరు ఫొటో తీయమంటాం. సంచులు గట్టిగానే ఉంటే లోపల పొడి ఉన్నట్టు. ఉబ్బి జెల్లీలా నిండి ఉంటే ఆ పెట్టెలో నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో మనం వెతకాలి. తలుపు దగ్గర పై బస్తాలో అరచేతిలో పట్టే ఉష్ణోగ్రత, తేమ నమోదు చేసే పరికరం (లాగర్) ఒకటి పెట్టి పంపుతాం. దాన్ని కంప్యూటర్‌కు పెట్టి ఫైలు పంపమని అడుగుతాం. ఆ గీతలో తేమ ఎక్కడ పైకి లేచిందో చూస్తే లోడింగ్ రోజునా, కొలంబోలోనా, అట్లాంటిక్‌లోనా అన్నది తేదీతో సహా కనిపిస్తుంది. సీలు వేసి మా దగ్గర ఉంచిన మూడో మచ్చు సీసా మీద ఆ కంటైనర్ నంబరు రాసి ఉంటుంది. కొనుగోలుదారు ల్యాబ్ రిపోర్టు వచ్చి, డబ్బు పూర్తిగా జమ అయి, ఆ తర్వాత ఆరు నెలలు దాటేదాకా ఆ సీసా బయట పారేయం.